రెండు కొసల పనితనం

బాక్టీరియాను చంపే సెఫలోస్పోరిన్ మందుల బలమంతా నాలుగు పరమాణువుల చిన్న వలయంలో ఉంది: మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్. అంత ఇరుకులో బంధాలు వంగి, బిగిసి, తెగడానికి సిద్ధంగా ఉంటాయి. బాక్టీరియా తన గోడలోని గొలుసులను ఒకదానికొకటి ముడివేయడానికి ఒక ఎంజైమ్‌ను వాడుతుంది. గొలుసు కొసనుండే రెండు అలనీన్లకూ ఈ మందుకూ తేడా దానికి తెలియదు. ఎర అనుకుని గాలాన్ని మింగిన చేపలా మందును పట్టుకుంటుంది. వలయం తెగి ఎంజైమ్‌కు అతుక్కుపోతుంది. ముడులు పడని గోడ లోపలి ఒత్తిడికి పగిలిపోతుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు.

పెన్సిలిన్ చేసేదీ ఇదే. అయితే పెన్సిలిన్‌లో పక్కనున్న రెండో వలయానికి ఐదు పరమాణువులు, ఇక్కడ ఆరు. దాంతో రసాయనవేత్తకు చెయ్యి పెట్టే చోటు మరొకటి దొరికింది.

1945లో సార్డీనియా ద్వీపంలోని కాల్యరీలో, మురుగునీరు సముద్రంలో కలిసే చోట జుసెప్పే బ్రోట్జు ఒక బూజును వేరుచేశాడు. దాన్నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ ఏబ్రహామ్, గై న్యూటన్ తీసిన సెఫలోస్పోరిన్ సి చాలా బలహీనం. కానీ పెన్సిలిన్‌ను తునకలు చేసే ఎంజైమ్‌కు అది లొంగలేదు. ఆ ఒక్క మొండితనాన్ని చూసి దాన్ని వదలకుండా పట్టుకున్న ఆ ఇద్దరి చూపును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఆ అణువు రెండు కొసలనూ మార్చిన తర్వాతి తరాల చేతిపని చూడాలంటే సెఫ్ట్రయాక్సోన్ చాలు. దాని ఒక కొసన అమైనోథయజోల్ వలయం, పక్కనే చిన్న మిథాక్సీ ఇమినో గుంపు. మందును కోసే ఎంజైములు చాలావాటికి ఈ గుంపు అడ్డంగా నిలుస్తుంది. రెండో కొసన ట్రయజీన్ వలయం. ఈ మందు రక్తంలోని ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకుని, సగానికి తగ్గడానికే దాదాపు 8 గంటలు తీసుకుంటుంది. అందుకే చాలా జబ్బులకు రోజుకొక్క ఇంజెక్షన్ సరిపోతుంది. మెదడు పొరలు వాచినప్పుడు వాటిని దాటి లోపలికీ వెళుతుంది. మెనింజైటిస్, టైఫాయిడ్, న్యుమోనియా, గనేరియా దీని పరిధిలోవే. వైరల్ జ్వరానికి దీన్ని ఎక్కించడం మాత్రం ఇంత మంచి పనిముట్టును వృథా చేయడమే.

కొసలు మారిస్తే పని మారుతుంది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే సెఫజోలిన్ చర్మంమీది స్టాఫిలోకాకస్‌ను ఆపుతుంది. సెఫ్టజిడైమ్ సూడోమోనాస్ మీదికి వెళుతుంది. సెఫ్టరోలిన్ చాలా మందులకు లొంగని మొండి స్టాఫిలోకాకస్ అయిన ఎమ్‌ఆర్‌ఎస్‌ఏను కూడా పట్టుకుంటుంది. ఎంటరోకాకస్ సాధారణంగా ఏ సెఫలోస్పోరిన్‌కూ చిక్కదు.

బాక్టీరియా ఊరుకోలేదు. ఈఎస్‌బీఎల్ ఎంజైములు సెఫ్ట్రయాక్సోన్‌కున్న అడ్డునూ దాటి వలయాన్ని తెంచేస్తున్నాయి. వాటికి జవాబుగా సెఫ్టజిడైమ్‌కు అవిబాక్టమ్‌ను జత చేశారు. ముందుగా అది ఆ ఎంజైములను కట్టిపడేస్తే మందు తన పని తాను చేసుకుంటుంది. జింక్‌తో నడిచే ఎన్‌డీఎమ్ ఎంజైమ్ మాత్రం అవిబాక్టమ్‌కు లొంగదు.