ఎండిన ఏటికి కట్టిన పాట

పారే ఏటి మీద పాట కట్టడం ఒక పద్ధతి. గలగలలుంటాయి, హోరుంటుంది, సగం పని ఏరే చేసిపెడుతుంది. ఎండిపోయిన ఏటికి చప్పుడే ఉండదు. దాన్ని వినిపించాలంటే కవి దగ్గర చెయ్యి తిరిగిన పనితనం ఉండాలి. 1956లో వచ్చిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ను కరువు కావ్యమని అందరం చెప్పుకుంటాం. ఆ కరువుకు ఆయన ఎలాంటి నడక కట్టాడన్నది చెప్పుకోవలసినంత చెప్పుకోలేదని నాకు ఎప్పుడూ ఒక బాధ.

ముందు ఆ ఏరు సంగతి. పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, హిందూపురం వైపు నుంచి అనంతపురం నేలలోకి దిగుతుంది. ఉత్తరంగా చాలా దూరం పోయి తూర్పుకు మళ్లి, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పక్కగా సాగి, కడప, నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. అంత పొడుగు నదే అయినా పైదారిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్య ఋతుపవనం ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు రాదు. ఏటి గర్భంలో చెలమ తవ్వుతారు. పొడి ఇసుక తీసేకొద్దీ చుట్టూ మళ్లీ జారి పడుతుంటుంది. మోచేతి లోతు దిగాక ఇసుక రంగు మారి చల్లగా తగులుతుంది. ఆ తర్వాత గుంట అడుగున నీరు ఊరేదాకా కూర్చుని చూడాలి. చిప్పతో ముంచి బిందెలో పోసుకుని, మళ్లీ ఊరేదాకా మళ్లీ కూర్చోవాలి.

ఈ నేల బిడ్డే విశ్వం. 1915లో అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టాడు. అసలు పేరు మీసరగండం విశ్వరూపాచారి. సంస్కృతం లోతుగా చదివినవాడు, తర్వాత బాణుడి కాదంబరిని, దండి దశకుమార చరిత్రను తెలుగు చేసినవాడు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డితో కలిసి అనంతపురంలో నవ్య సాహిత్యమాల నడిపాడు. ఆంధ్రప్రభ వారపత్రిక సంపాదకుడిగా, ‘మాణిక్యవీణ’ శీర్షిక రాసినవాడిగా రాష్ట్రమంతా ఎరుగుదురు. ఇంత చదువు ఉన్నవాడు తన నేల మీది ఏటి దగ్గరకు వచ్చేసరికి దానికి ‘పాట’ అని పేరు పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, ఆ పేరుకు తగ్గట్టు పని చేశాడు.

కావ్యం ఎత్తుగడ చూడండి. పక్కన నడుస్తున్న తమ్ముడికి ఒకడు వేలు పెట్టి పెన్నను చూపిస్తున్నాడు. నెమ్మదిగా నడవమంటున్నాడు. మూడేసి మాత్రల త్రిశ్రగతి అది. అందులో మొదటి ముక్క లఘువుతో మొదలై గురువు మీద ఆగుతుంది, రెండోది గురువుతో మొదలై లఘువుతో తేలిపోతుంది. పొట్టి అడుగు, వెంటనే కూరుకుపోయిన అడుగు, అందులోంచి లాక్కుని మళ్లీ పైకి. ఇసుకలో నడిచినవాళ్ల కాళ్లకు ఈ లెక్క చెప్పనక్కరలేదు. దానికి తోడు ద్వితీయాక్షర ప్రాస. వరసగా పాదం వెంట పాదం, రెండో అక్షరంగా ‘ద’ వస్తూనే ఉంటుంది. అది పడేది సరిగ్గా ఆ గురువు మీదే. అంటే కాలు దిగబడిన చోటే ప్రాస మోగుతుంది. తర్వాత నీళ్లేవి, హోరేది అని అడిగే ప్రశ్నలకూ ఇదే ప్రాస. ఏరు పారడం లేదు కాబట్టి ఏటి చప్పుడు బదులు ఏటిలో నడిచే మనిషి అడుగుల చప్పుడు వినిపించాడు. తెలుగులో ఇంతకన్నా సూక్ష్మమైన ఎత్తుగడ నేను చదవలేదు.

ఎండిన పెన్నను తల్లీ అని, ఎందుకిలా అయ్యావని విలపించే చోట కూడా గతి త్రిశ్రమే, మూడు మాత్రలే. కానీ ఈసారి ప్రతి గణమూ గురువుతో మొదలై లఘువుతో ముగుస్తుంది. తిరగేశాడంతే. ఆ ఒక్క మార్పుతో తడబడే నడక పోయి, రోకటి పాటలో, జోలపాటలో ఉండే ఊపు వచ్చేసింది. పాదం చివర దీర్ఘమైన ఓకారం ఉంచాడు. గతి ప్రకారం దానికి రెండు మాత్రలే, పాడేవాళ్లు మాత్రం ఊపిరున్నంత సేపు సాగదీసుకోవచ్చు. చేని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకేసేవాళ్ల గొంతు అది. ఏడుపు కోసం విశ్వం కొత్త మాటలు వెతకలేదు, పల్లె ఆడవాళ్ల నోట ఎప్పటి నుంచో ఉన్న లయలోకి జరిగాడు.

ప్రకృతి మీద పాట కట్టినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. జపాన్ గాయని ఇచికో ఆవోబా 2020లో ‘విండ్‌స్వెప్ట్ అదాన్’ అనే ఆల్బమ్ తెచ్చింది. ర్యూక్యూ దీవుల స్ఫూర్తితో, స్వరకర్త తారో ఉమెబయాషితో కలిసి, ఎవరూ తీయని సినిమాకు సంగీతం సమకూర్చినట్టు ఒక కథ అల్లుకుని చేసిన పాటలవి. అదాన్ అంటే మన మొగలి జాతి చెట్టే. ఆమె చుట్టూ సముద్రం ఉంది. విశ్వానికి ఆ అండ లేదు. ఇద్దరిలోనూ నేను మెచ్చేది ఒకటే, ప్రకృతిని వర్ణనగా అంటించకుండా రచనకు ఎముకగా పెట్టుకోవడం.

పెన్నేటి పాటలో, తాను పాట వినిపిస్తానని కవి ప్రకటించే ఘట్టంలో మాత్రం తేటగీతికి మారాడు. కోటి గొంతులను కిన్నెరగా, కోటి గుండెలను కంజరిగా ఊహించిన చోటు అదే. కిన్నెరా కంజరీ ఊరూరా తిరిగి పాడేవాళ్ల చేతుల్లోవి, కొలువుల్లోవి కావు. తేటగీతి కూడా అలాంటిదే. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. ఉత్పలమాలో శార్దూలమో ఎత్తుకోగల విద్వాంసుడు ఈ దేశి ఛందస్సును పట్టుకున్నాడు, ఎందుకంటే అది పద్యమై ఉండి కూడా గొంతెత్తి పాడడానికి ఒదుగుతుంది. అక్కడ ఆయన పేరు పెట్టి పిలిచిన రాయలసీమకు ఆ పేరు వచ్చి అప్పటికి 28 ఏళ్లే. 1928లో నంద్యాల సభలో, అనంతపురం కళాశాలలో పాఠం చెప్పే చిలుకూరి నారాయణరావు సూచించిన పేరు అది. దానికి ఒక పాట దొరికింది ఇక్కడే.

కథ చాలా చిన్నది. రంగడు, గంగమ్మ అనే ఆలుమగలు, రెక్కల కష్టం, ఆకలి. నీళ్లు లేని చోట ఇల్లాలికి గంగ పేరు పెట్టడం కవి చేసిన పనే. కట్టెలు కొట్టి అమ్ముకునే రంగడిని ఏటితో పాటే చూపిస్తాడు, విడదీసి చూపించడు. ఏటికి ఒక గొంతు, మనిషికి ఒక గొంతు అని లేవు ఇందులో.

ఈ పనితనాన్ని పోల్చుకోగలిగిన చెవి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మది. ఆయనా అనంతపురం జిల్లావాడే. వేమన మీద ఉపన్యాసాలిచ్చి, గాథాసప్తశతిని తెలుగు చేసి, అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టినవాడు. 1974లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నాడు. పెన్నేటి పాటకు ముందుమాట ఆయనదే. సంగీతజ్ఞుడి చేత ముందుమాట రాయించుకోదగ్గ కావ్యాలు మనకు ఎన్నో లేవు.

మొదటిసారి చదివేవాళ్లు లోలోపల చదువుకోకుండా పైకి చదవండి. త్రిశ్రం పరుగెత్తే గతి, వదిలేస్తే గుర్రంలా పోతుంది. ప్రతి గురువు మీదా కాస్త బరువు వేసి పట్టి ఉంచండి. రాళ్లపల్లివారి మాటలు కావ్యం ముగిశాక చూడండి. అంత పెద్ద చెవి ముందే విని చెప్తే, మన చెవి పని చేయడం మానేస్తుంది.