తీసేసే ముందు అడగాలి

కొత్త ఫోన్ పెట్టె సీలు దుకాణంలో మన కళ్ల ముందే తెంపుతారు. ఆన్ చేసి చూస్తే మనం అడగని యాప్‌లు అప్పటికే వరుసగా కనబడతాయి. రెండు మూడు షాపింగ్ యాప్‌లు, ఆటలు, వార్తల యాప్, ప్లే స్టోర్ ఉండగానే కంపెనీవాళ్లది ఇంకో స్టోర్, క్రోమ్ ఉండగానే ఇంకో బ్రౌజర్, లాక్ తీయకముందే తెర మీద మారుతూ ఉండే రంగుల బొమ్మలు. పది పన్నెండు వేల రూపాయల ఫోన్లలో ఈ బెడద ఎక్కువ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మా బంధువుల చేతుల్లో ఉండేవి దాదాపు ఆ ధర ఫోన్లే.

ఆ ధరకు ఫోన్ రావడానికీ ఈ యాప్‌లకూ సంబంధం ఉంది. ఫోన్ అమ్మకం మీద 5 శాతానికి మించి లాభం తీసుకోబోమని షావోమీ అధిపతి లెయ్ జున్ 2018 ఏప్రిల్‌లో బహిరంగంగానే ప్రకటించారు. మిగతా రాబడి ప్రకటనల నుంచి, నెట్ సేవల నుంచి రావాలి. అంటే డబ్బులిచ్చి ఫోన్ కొన్నాక కూడా కొన్నవాళ్ల చూపు మీద, నెట్ బ్యాలెన్స్ మీద వ్యాపారం నడుస్తూనే ఉంటుంది. గల్ఫ్‌లో ఎడారి ఎండలో పనిచేసి కొడుకు పంపిన పైసలతో కొన్న ఫోన్‌లో ఇలా జరగడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

మావాళ్లలో ఎవరు ఫోన్ కొన్నా దాన్ని శుభ్రం చేసే పని నాకే ఒప్పజెబుతారు. ఇష్టంగా చేస్తాను. అయితే ఫోన్ తీసుకొని పక్క గదిలోకి వెళ్లి చేసే పని కాదిది. దాన్ని వాడే మనిషి పక్కన కూర్చొని, ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది ఎప్పుడన్నా నొక్కుతవా?" అని అడుగుతూ చేయాలి.

కోరుట్లలో మా చిన్నమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కన తంబాకు. ఫోన్‌ను గోడకు ఆనించి, చేతులు ఆపకుండానే దుబాయిలోని కొడుకుతో మాట్లాడుతుంది. నేను ఎన్నడూ వాడని ఒక కాలింగ్ యాప్ మీద నా వేలు ఆగేసరికి, "అది ముట్టకు బిడ్డా, మావోడు అండ్లనే కనబడతడు" అంది. అక్కడ వాట్సాప్ కాల్స్ నడవవు. అక్కడి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్‌లలోనే మాట్లాడుకోవాలి. కొడుకు పోయేముందు వేసిపోయిన ఆ యాప్‌కూ, కంపెనీ పెట్టి పంపిన ఆటకూ తేడా తెర మీద తెలియదు. రెండూ ఒకే సైజు బొమ్మలు. ఆమె చెబితేనే తెలుస్తుంది.

ఆమెను నిజంగా కలవరపెట్టింది వేరే. "రెండు లక్షల లోన్ మంజూరైందట, బ్యాంకోళ్లు రాసిన్రు" అంటూ ఒక నోటిఫికేషన్ చూపించింది. దాని మీద వేలు నొక్కి పట్టుకుంటే అది ఏ యాప్ నుంచి వచ్చిందో పేరు బయటపడుతుంది. ఫోన్‌తో పాటు వచ్చిన బ్రౌజర్ పేరు కనబడింది. బ్యాంకు రాసింది కాదు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు, పోలీసులు వరుసగా కేసులు పెట్టారు. ఆ సంగతి తెలిసినవాణ్ని కాబట్టి ఎవరి ఫోన్‌లోనైనా జాగ కంటే ముందు నోటిఫికేషన్లే చూస్తాను.

ఇక తీసే పద్ధతి. యాప్ బొమ్మను నొక్కి పట్టుకుంటే కొన్నింటికి అన్‌ఇన్‌స్టాల్ అని వస్తుంది. అవి పూర్తిగా పోతాయి. కొన్నింటికి డిజేబుల్ అని మాత్రమే వస్తుంది. అవి ఫోన్‌లోనే ఉంటాయి కానీ నడవవు, కనబడవు. మూడో రకానికి రెండూ రావు. వాటి కోసం సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరవాలి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఏడీబీ అనే పనిముట్టుతో ఆజ్ఞ ఇవ్వాలి. ఇంత చేసినా యాప్ అసలు ప్రతి సిస్టమ్ భాగంలో అలాగే ఉంటుంది, ఈ వాడకందారుకు మాత్రం లేకుండా పోతుంది. ఫోన్‌ను రీసెట్ చేస్తే తిరిగి వస్తుంది. పని అయ్యాక డీబగ్గింగ్ ఆఫ్ చేయడం మరువకూడదు.

చేయి ఆపుకోవాల్సిన చోట్లూ ఉన్నాయి. ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే పేరు చూస్తే పనికిరానిదనిపిస్తుంది. కానీ 2021 మార్చిలో దాని అప్‌డేట్ ఒకటి చెడిపోతే ప్రపంచమంతటా ఫోన్లలో ఎన్నో యాప్‌లు తెరిచీ తెరవగానే మూతపడ్డాయి. ఎన్నో యాప్‌లు లోపలి పేజీలు చూపించడానికి దాని మీదే ఆధారపడతాయి. గూగుల్ యాప్‌నూ చాలామంది డిజేబుల్ చేస్తుంటారు. చదువు రాని చిన్నమ్మ మైకు నొక్కి తెలుగులో అడిగి వెతుక్కునేది దాంతోనే. అది ఆమె ఫోన్‌లో ఉండాల్సిందే.

సిరిసిల్లలో మా బావ మరమగ్గాలు నడిపే ఆసామి. ఆ సాంచాల మోతలో రింగు వినబడదు, తెర చూసే ఫోన్ వచ్చిందని తెలుసుకుంటాడు. లాక్ తెర మీద మారే బొమ్మల మధ్య మిస్డ్ కాల్ గుర్తు కలిసిపోయేది. నూలు బండి వచ్చి నిలబడ్డా ఆయనకు తెలియని రోజులున్నాయి. సెట్టింగ్స్‌లో ఆ బొమ్మలు ఆపేశాక తెర నల్లగా, గుర్తు తెల్లగా కనబడింది. "స్టోరేజ్ నిండిందని ఊకె చెప్తది, ఆ కంపెనీ యాప్‌లు గూడ తీసెయ్" అన్నాడు. ఆ మాట మీద మాత్రం ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డిజేబుల్ చేసినా, ఏడీబీతో తీసినా సిస్టమ్ భాగంలోని జాగ మనకు రాదు. వాటి డేటా, తర్వాత వేసుకున్న అప్‌డేట్లు పట్టిన జాగ మేరకే వస్తుంది. ఆయన ఫోన్ నింపింది వాట్సాప్‌లో రోజూ వచ్చే చీరల డిజైన్ ఫొటోలు, వీడియోలు. అవి తీస్తేనే ఊపిరాడింది.

వద్దనుకున్న యాప్‌లను తీసేసుకునే హక్కు గురించి మన దేశంలోనూ తగవు నడిచింది. 2022 అక్టోబర్ 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసి, ముందే వేసిన తన యాప్‌లను తీసేయకుండా వాడకందారులను అడ్డుకోవద్దని ఆదేశించింది. 2023 మార్చి 29న కంపెనీ లా అప్పీలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది కానీ కొన్ని ఆదేశాలను కొట్టేసింది. వాటిలో ఇదీ పోయింది. దక్షిణ కొరియా 2014లోనే అనవసర యాప్‌లు తీసేసే వీలుండాలని కంపెనీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. యూరప్‌లో కొత్త చట్టం కింద పెద్ద కంపెనీలు 2024 మార్చి నుంచి ఆ వీలు కల్పిస్తున్నాయి. మన టెలికం శాఖ 2025 నవంబర్‌లో సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో ముందే వేయాలంది. జనం నుంచి అభ్యంతరాలు వచ్చాక డిసెంబర్ 3న వెనక్కి తగ్గింది. దొంగిలించిన ఫోన్‌ను బ్లాక్ చేయించుకోవడానికి అది పనికొచ్చేదే, నేనూ వాడమనే చెబుతాను. వేసుకోవాలో వద్దో చెప్పాల్సింది మాత్రం ఫోన్ కొన్నవాళ్లే. కమిషన్ చెప్పిన ఆ ఒక్క ఆదేశం, కంపెనీ ఏదైనా సరే, అన్ని ఫోన్లకూ వర్తించేలా చట్టంగా రావాలి.

అది వచ్చేదాకా నా పని పాతదే. తీసిన ప్రతి యాప్ పేరు చిన్నమ్మ నోటుబుక్కు చివరి పేజీలో రాసిపెడతాను. రేపు ఏదన్నా ఆగిపోతే కాలేజీకి పోయే ఆమె మనవడు అది చూసి, ఏడీబీలోనే ఇన్‌స్టాల్ ఎగ్జిస్టింగ్ అనే ఆజ్ఞతో దాన్ని తిరిగి తెచ్చుకోగలడు. సిస్టమ్ అప్‌డేట్ పడినప్పుడల్లా ఏవేవి మళ్లీ వచ్చాయో ఆ పేజీ పక్కన పెట్టుకొని చూడమని వాడికి నేర్పించాను.