ఓవర్‌క్లాక్ నిలకడ తప్పితే

ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇంటెల్ 2011 జనవరిలో విడుదల చేసిన కోర్ ఐ5-2500కె ఈ విద్య నేర్చుకోవడానికి ఇప్పటికీ మంచి ఉదాహరణ. దాని మూల వేగం 3.3 గిగాహెర్ట్జ్. 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ను 33 అనే మల్టిప్లయర్‌తో హెచ్చిస్తే వచ్చే వేగం అది. పేరు చివర ‘కె’ ఉన్న చిప్‌లలో మల్టిప్లయర్‌కు తాళం ఉండదు. పీ67 లేదా జడ్68 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు బయోస్‌లో 33 బదులు 45 అని పెడితే వేగం 4.5 గిగాహెర్ట్జ్‌కు చేరుతుంది. ఈ మార్పుకు అర నిమిషం చాలు. దాన్ని నిలబెట్టడమే అసలు పని, కొత్తవారికి చిక్కులన్నీ అక్కడే ఎదురవుతాయి.

వేగం పెరిగితే చిప్ ఎందుకు తడబడుతుందో తెలిస్తే మరమ్మతు సగం అర్థమవుతుంది. 3.3 గిగాహెర్ట్జ్ వద్ద ఒక్కో క్లాక్ ఆవృత్తికి దొరికే వ్యవధి సుమారు 0.30 నానోసెకన్లు. 4.5 వద్ద అది 0.22కు తగ్గుతుంది. అంత వ్యవధిలో కాంతి సైతం ఏడు సెంటీమీటర్లు దాటదు. ఆలోగా ప్రతి సంకేతమూ వరుసగా ఉన్న ట్రాన్సిస్టర్లను దాటి గమ్యం చేరాలి. చిప్‌లో అన్ని దారులూ ఒకే పొడవుండవు. అన్నిటికంటే నిదానమైన దారిలో సంకేతం ఆలస్యమైతే, తరువాతి దశ తప్పుడు విలువను అందుకుని ముందుకు సాగిపోతుంది. కోలాటంలో దరువు వేగం పెంచుతూ పోతే ముందుగా గురి తప్పేది అందరికన్నా నిదానంగా కదిలేవారి కోలే, ఆ ఒక్క కోలతో చుట్టూ ఉన్న జతలన్నీ చెదురుతాయి.

వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా మారతాయి, సంకేతం వేళకు చేరుతుంది. అయితే చిప్ పనిచేస్తూ ఖర్చు చేసే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ విషయంలోనైతే దాని వర్గంతో పెరుగుతుంది. 1.20 వోల్టులు, 3.3 గిగాహెర్ట్జ్ నుంచి 1.35 వోల్టులు, 4.5 గిగాహెర్ట్జ్‌కు వెళ్తే వేగం 36 శాతం పెరుగుతుంది, విద్యుత్తు ఖర్చు మాత్రం 70 శాతానికి పైగా పెరుగుతుంది. ఆ విద్యుత్తంతా వేడిగా మారి కూలర్ మీద పడుతుంది. వేడెక్కిన చిప్‌లో తీగల నిరోధం పెరిగి సంకేతాలు మళ్లీ మందగిస్తాయి, దాంతో ఇంకాస్త వోల్టేజీ కావలసివస్తుంది. కొత్తవారు చాలామంది ఈ విషవలయంలోనే చిక్కుకుంటారు. క్రాష్ అయిన ప్రతిసారీ వోల్టేజీ పెంచుతారు, పెంచిన వోల్టేజీ పుట్టించిన వేడే తరువాతి క్రాష్‌కు కారణమవుతుంది.

నిలకడ తప్పిన కంప్యూటర్ ఎప్పుడూ ఆగిపోతుందని అనుకోకూడదు. బ్లూ స్క్రీన్ వస్తే ఒక విధంగా మేలే, తప్పు జరిగిందని యంత్రమే చెప్పినట్టు. ఏ గుర్తూ లేకుండా లెక్క తప్పడం అంతకన్నా ప్రమాదకరం. పిల్లల ఫొటో ఫైల్‌లో ఒక బిట్ మారినా, జిప్ ఫైల్ తెరుచుకోకపోయినా, అది ఓవర్‌క్లాక్ వల్లేనని వెంటనే ఎవరికీ తట్టదు. అందుకే ఈ విద్యలో పరీక్షకు అంత విలువ. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం మొదలుపెట్టిన గింప్స్ ప్రాజెక్టు నుంచి వచ్చిన ప్రైమ్95 ఇక్కడ పనికొచ్చింది అందుకే. అది ప్రాసెసర్‌ను అలసిపోయేలా పనిచేయించడంతో ఆగదు, వచ్చిన జవాబును ముందే తెలిసిన జవాబుతో సరిచూస్తుంది. గణిత పరిశోధనకు రాసిన ప్రోగ్రామ్ ఇళ్లలోని కంప్యూటర్లకు గీటురాయి కావడం ఈ విద్య చరిత్రలో ఎంతో అందమైన సంగతి.

ఆ చరిత్రలో అందరూ చెప్పుకునే చిప్ మరొకటి ఉంది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ చౌక ప్రాసెసర్. 66 మెగాహెర్ట్జ్ సిస్టమ్ బస్ వేగాన్ని 100కు మార్చగానే అది 300 నుంచి 450 మెగాహెర్ట్జ్‌కు ఎగబాకేది. కొన్నేళ్లకే ఏఎండీ డ్యూరాన్, అథ్లాన్ చిప్‌ల మీద తెగి ఉన్న చిన్న వంతెనలను పెన్సిల్ గీతతో కలిపి మల్టిప్లయర్ తాళం తీసేవారు. ఖరీదైన యంత్రం కొనలేని విద్యార్థులు చౌక చిప్ నుంచి దాని పైతరగతి చిప్ పనిని రాబట్టుకున్న రోజులవి. ఈ సంప్రదాయానికి గౌరవం తెచ్చినవి ద్రవ నత్రజని పోసి సాధించిన రికార్డులు కావు, ఇలాంటి పొదుపరి ప్రయోగాలే.

ఇక నిలకడ తప్పిన 2500కె దగ్గరికి వద్దాం. మొదటి పని వెనక్కి వెళ్లడం. విలువైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, బయోస్‌ను డిఫాల్ట్ అమరికలకు మార్చాలి. కంప్యూటర్ అసలు తెర మీదికే రాకపోతే మదర్‌బోర్డు మీది క్లియర్ సీమోస్ జంపర్‌ను వాడాలి, అది లేకపోతే ప్లగ్ తీసేసి నాణెం ఆకారపు బ్యాటరీని కాసేపు బయట ఉంచాలి. ఆ తరువాత ఫ్యాక్టరీ వేగంతోనే మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌నూ, ప్రైమ్95తో ప్రాసెసర్‌నూ పరీక్షించాలి. ఇక్కడే తప్పులు వస్తే లోపం ఓవర్‌క్లాక్‌ది కాదు, పాడైన ర్యామ్ స్టిక్‌దో మరో భాగానిదో అయి ఉంటుంది. ఈ మెట్టు దాటవేసి వారాల తరబడి వోల్టేజీలతో కుస్తీ పట్టేవారు ఎందరో.

ఫ్యాక్టరీ వేగం వద్దే ఉష్ణోగ్రత కూడా చూడాలి. 2500కె తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునే హద్దు 98 డిగ్రీల దగ్గర ఉంటుంది, రోజువారీ వాడకంలో పూర్తి భారం మీద 80 దాటనివ్వకపోవడం మంచి అలవాటు. ఓవర్‌క్లాక్ చేయకుండానే 80కి చేరుతోందంటే కూలర్ సరిగా కూర్చోలేదన్నమాట. ఇంటెల్ పెట్టెలో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా నొక్కి బిగించే ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. వాటిలో ఒక్కటి సరిగా దిగకపోయినా కూలర్ ఒక పక్కకు లేచిపోతుంది. విప్పి, పాత థర్మల్ పేస్ట్ తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్ట్ పెట్టి మళ్లీ బిగించాలి. 4.5 గిగాహెర్ట్జ్ ఆశించేవారికి ఆ కూలర్ ఎలాగూ చాలదు.

అప్పుడు మల్టిప్లయర్‌ను 40 దగ్గర పెట్టి మొదలుపెట్టాలి. ర్యామ్ 1333 మెగాహెర్ట్జ్ వద్దే, దాని వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ లేకుండా ఉండాలి. ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ ఒకేసారి కదిపితే తప్పు ఎవరిదో చెప్పలేం. బేస్ క్లాక్‌ను ముట్టుకోకూడదు. ఈ తరం చిప్‌లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా, యూఎస్‌బీ అన్నీ దాని మీదే ఆధారపడతాయి, కొద్ది మెగాహెర్ట్జ్ పెంచినా డిస్క్ మీది సమాచారం దెబ్బతినవచ్చు. వోల్టేజీని ‘ఆటో’లో వదలకూడదు. చాలా బోర్డులు ఆటోలో అవసరానికి మించి ఇస్తాయి. ఒక్కో మెట్టు ఎక్కి పావుగంట పరీక్షించి, తప్పితే వోల్టేజీని 0.01 చొప్పున పెంచుతూ, ప్రతి మార్పునూ కాగితం మీద రాసుకోవాలి. మల్టిప్లయర్, బయోస్‌లో పెట్టిన వోల్టేజీ, భారం మీద కనిపించిన వోల్టేజీ, గరిష్ఠ ఉష్ణోగ్రత, ఫలితం: ఈ అయిదు గడుల కాగితం ఖరీదైన మదర్‌బోర్డు కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

బయోస్‌లో పెట్టిన వోల్టేజీకీ భారం మీద కనిపించేదానికీ తేడా ఎందుకన్నది కొత్తవారిని బాగా తికమకపెట్టే విషయం. 1.35 పెట్టినా పరీక్ష మొదలుకాగానే వోల్టేజీ చూపే సీపీయూ-జడ్ ప్రోగ్రామ్‌లో 1.29 కనిపించవచ్చు. దీన్ని వీడ్రూప్ అంటారు. ఇది బోర్డు లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. భారం హఠాత్తుగా దిగిపోయిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది. ముందే కాస్త దిగి ఉంటే ఆ ఎగురు హద్దు దాటదు. లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అనే అమరిక ఈ దిగుడును తగ్గిస్తుంది. దాన్ని చివరి మెట్టుకు తోస్తే తెర మీద వోల్టేజీ నిశ్చలంగా కనిపిస్తుంది, కానీ మీటరు పట్టలేని క్షణాల్లో చిప్ మీద పడే వోల్టేజీ ఎక్కువవుతుంది. మధ్య మెట్టు దగ్గర ఆగడమే తెలివైన పని. 32 నానోమీటర్ల ఈ చిప్‌కు రోజువారీ వాడకంలో 1.35 నుంచి 1.40 వోల్టులు దాటకూడదన్నది అనుభవజ్ఞులు పాటించే కట్టుబాటు. అధిక విద్యుత్ ప్రవాహం, వేడి కలిసి లోహపు తీగల్లోని పరమాణువులను మెల్లమెల్లగా కదిలిస్తాయి. ఏడాది పాటు నిలిచిన ఓవర్‌క్లాక్ ఒకనాడు ఉన్నట్టుండి నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం.

విఫలమైన తీరు చాలా సంగతులు చెబుతుంది. ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్షలో నాలుగు కోర్లలో ఒకటి మాత్రమే గంట తరువాత తప్పు చూపి ఆగితే, వోల్టేజీ కొంచెమే తక్కువని అర్థం. మొదటి నిమిషంలోనే బ్లూ స్క్రీన్ వస్తే చాలా తక్కువ. బ్లూ స్క్రీన్ సంఖ్య చివర 101 ఉంటే ఒక కోర్ వేళకు బదులివ్వలేదన్నమాట, ఎక్కువగా కోర్ వోల్టేజీ లోటే. 124 అంటే హార్డ్‌వేర్ తానే దిద్దుకోలేని తప్పు జరిగిందని. 1ఏ, 50 వంటివి తరచూ ర్యామ్ వైపు చూపిస్తాయి. ఇవి సూచనలు మాత్రమే, తీర్పులు కావు. ర్యామ్‌ను కూడా బాగా వాడే బ్లెండ్ పరీక్షలో విఫలమై స్మాల్ ఎఫ్ఎఫ్‌టీలో నెగ్గితే ర్యామ్‌ను అనుమానించాలి. బ్లూ స్క్రీన్ కూడా లేకుండా కరెంటు పోయినట్టు ఆరిపోతే కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ వైపు, ప్రాసెసర్ పక్కన వోల్టేజీని మార్చి అందించే వీఆర్ఎం భాగాల వైపు చూడాలి. 12 వోల్టుల లైను భారం మీద 11.4 కంటే దిగకూడదు. ఉష్ణోగ్రత బాగానే ఉండి వేగం మాత్రం పడిపోతుంటే, హీట్‌సింక్ లేని చౌక బోర్డుల్లో వీఆర్ఎం అతిగా వేడెక్కుతోందని గ్రహించాలి.

అన్నిటికంటే మోసకరమైనది ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే క్రాష్. రాత్రంతా ప్రైమ్95 నెగ్గిన యంత్రం, పొద్దున ఎవరో వార్తలు చదువుకుంటుండగా స్తంభించిపోతుంది. పని లేనప్పుడు 2500కె 1.6 గిగాహెర్ట్జ్‌కు దిగుతుంది, చిప్ అడిగే వోల్టేజీకి కొంత కలిపే లేదా తగ్గించే ఆఫ్‌సెట్ పద్ధతిలో వోల్టేజీ కూడా దానితో పాటే దిగుతుంది. భారం మీద పొదుపు చేయడానికి ఆఫ్‌సెట్‌ను మరీ తగ్గించి ఉంటే కింది మెట్టున వోల్టేజీ చాలదు. ఇలాంటప్పుడు ఆఫ్‌సెట్‌ను పెంచి లోడ్‌లైన్ మెట్టును తగ్గిస్తే, పై వోల్టేజీ మారకుండా కింది వోల్టేజీ పెరుగుతుంది. కనుక భారీ పరీక్ష ఒక్కటే సరిపోదు. ఖాళీగా వదలడం, నిద్రావస్థలోకి పంపి లేపడం, ఆటలు ఆడటం కూడా పరీక్షలే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా-లాగర్ పేరుతో 19వ సంఖ్య నమోదులు కనిపిస్తే, ప్రాసెసర్ తన తప్పులను దిద్దుకుంటూ నెట్టుకొస్తోందన్నమాట. క్రాష్ ఒక్కటీ లేకపోయినా అది నిలకడ కాదు.

కొంత దూరం వెళ్లాక ఆగడమూ తెలియాలి. 4.4 వద్ద 1.30 వోల్టులతో నిలిచిన చిప్ 4.5కు 1.36 అడిగితే 4.4 దగ్గర ఉండిపోవడమే మేలు. పోయేది రెండు శాతం వేగం, అది వాడకంలో కంటికి కనిపించదు. ఒకే పెట్టె నుంచి వచ్చిన రెండు 2500కె చిప్‌లు ఒకే వోల్టేజీకి ఒకే వేగం ఇవ్వవు, మరొకరి చిప్ 4.8కు చేరిందని తన చిప్ కూడా చేరాలనుకోవడం తప్పు లెక్క.

నేటి ప్రాసెసర్లు ఫ్యాక్టరీ నుంచే తమ హద్దుకు దగ్గరగా నడుస్తాయి కనుక పెంచుకోవడానికి పెద్దగా మిగలదు. నిలకడ సమస్యలు మాత్రం పోలేదు. ఏఎండీ రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజీ తగ్గించేవారికి ఖాళీ వేళల క్రాష్‌లే ఎదురవుతున్నాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్ని ఓవర్‌క్లాక్ చేయకుండానే నిలకడ కోల్పోయాయి. మైక్రోకోడ్ లోపం వల్ల అవి అవసరానికి మించిన వోల్టేజీ అడిగాయని 2024లో సంస్థే అంగీకరించి, సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఈవెంట్ లాగ్ చదవడం, ఒక్కో మార్పునూ విడిగా పరీక్షించడం తెలిసినవారు అలాంటి చిప్‌ను త్వరగా గుర్తుపట్టగలరు.

తెలుగు ప్రాంతాల్లో మరో పరీక్ష మిగిలి ఉంటుంది. కూలర్ గది గాలి కన్నా చల్లగా చిప్‌ను ఉంచలేదు. గది వేడి పదిహేను డిగ్రీలు పెరిగితే చిప్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. హైదరాబాద్‌లో జనవరిలో 68 డిగ్రీల వద్ద నెగ్గిన అమరిక మే నెలలో ఏసీ లేని గదిలో 80 దాటవచ్చు, రామగుండంలోనో రెంటచింతలలోనో చెప్పనక్కరలేదు. చలికాలంలో సాధించిన వేగాన్ని వేసవి మధ్యాహ్నం మరోసారి పరీక్షించనిదే నిలిచిందని చెప్పకండి. బయోస్‌లో ప్రొఫైళ్లు దాచుకునే చోటు ఉంటే వేసవికి ఒక రెండు మెట్లు తక్కువ మల్టిప్లయర్‌తో వేరే ప్రొఫైల్ పెట్టుకోండి.