జ్వరం దిగాక జరిగే నష్టం

మెదడువాపు వ్యాధి నుంచి బయటపడ్డ పిల్లవాణ్ని డిశ్చార్జి చేసేటప్పుడు మన వైద్యం చూసేది కొద్దిగానే. జ్వరం దిగింది, ఫిట్స్ ఆగాయి, అమ్మానాన్నల్ని గుర్తుపడుతున్నాడు, ఇక ఇంటికి తీసుకెళ్లవచ్చు. కానీ ఈ జబ్బు తెచ్చే జపనీస్ ఎన్‌కెఫలైటిస్ వైరస్ మెదడుకెక్కి బతికినవాళ్లలో చాలామందికి చదువులోనో, ప్రవర్తనలోనో, నడకలోనో లోపం శాశ్వతంగా మిగులుతుంది. ఆ లోపమంతా వైరస్ చంపిన నాడీకణాల వల్లేనని చాలాకాలం అనుకున్నారు. గత ఇరవయ్యేళ్ల పరిశోధన చూస్తే నాకు అలా అనిపించడం లేదు. వైరస్ వెళ్లిపోయాక కూడా, దాన్ని తరిమిన రక్షణ వ్యవస్థ చేతుల్లోనే కొంత నష్టం సాగుతోంది. అందుకే డిశ్చార్జిని చికిత్సకు ముగింపుగా లెక్కించే అలవాటు మారాలంటాను.

జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోనూ, మెదడులో ద్రవం నిండిన గదుల గోడల వెంబడీ నాడీ మూలకణాలుంటాయి. కొత్త కణాలకు అవే నారుమడి. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం 2008లో ఎలుకపిల్లల మీద ప్రయోగం చేసి, జపనీస్ ఎన్‌కెఫలైటిస్ వైరస్ ఈ కణాల్లోకీ చొరబడుతుందని చూపింది. విచిత్రమేమంటే అవి పెద్దగా చావలేదు, విభజన మానేశాయి. ఇది వైరస్ నేరుగా చేసే పని. అసలు వైరస్ లేకుండానే ఇలాంటిది జరుగుతుందని అంతకుముందే, 2003లో, స్టాన్‌ఫర్డ్‌లో థియో పామర్ బృందం తేల్చింది. బాక్టీరియా పైపొర ముక్కతో వాపు పుట్టిస్తే చాలు, ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాల పుట్టుక పడిపోయింది; వాపు తగ్గించే మామూలు మందు ఇండోమెథాసిన్ ఇస్తే తేరుకుంది. ఇక 2018లో సెయింట్ లూయిస్‌లో రాబిన్ క్లైన్ బృందం వెస్ట్ నైల్ వైరస్ నుంచి కోలుకుంటున్న ఎలుకల్ని పరీక్షించింది. ఈ వైరస్ జపనీస్ ఎన్‌కెఫలైటిస్ వైరస్‌కు దగ్గరి చుట్టం, క్యూలెక్స్ దోమే దీన్నీ మోస్తుంది. ఆ ఎలుకల్లో మూలకణాలు నాడీకణాలను తగ్గించి, వాటికి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లను ఎక్కువగా తయారుచేశాయి. దీనికి కారణం ఇంటర్‌ల్యూకిన్-1 అనే సంకేతం. కోలుకునే దశలో దాన్ని ప్రధానంగా విడుదల చేసేవీ ఆస్ట్రోసైట్లే. ఆ సంకేతాన్ని అడ్డుకుంటే ఎలుకలకు దారి నేర్చుకోవడంలో లోపం రాలేదు.

అయితే రక్షణ వ్యవస్థను మొదట్లోనే అణచేస్తే సరిపోదా? థాయ్‌లాండ్‌లో అదీ చూశారు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ రోగులకు భారీ మోతాదులో డెక్సామెథాసోన్ ఇచ్చిన ఆ పరీక్ష ఫలితాలు 1992లో వచ్చాయి, ప్రయోజనం కనిపించలేదు. నా వాదానికి ఇది గట్టి దెబ్బేనని కొందరు అనవచ్చు. నాకైతే అలా తోచదు. వైరస్ ఇంకా మెదడులో ఉండగా, రక్షణ చర్యలన్నిటినీ కలగలిపి తొక్కేసే మందు అది. కోలుకునే రోజుల్లో ఒక్క సంకేతాన్ని ఎంచుకుని ఆపడం దానికి పూర్తిగా వేరు. ఎప్పుడు ఇచ్చామన్నది ఏమి ఇచ్చామన్నదానికి తీసిపోదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఎలుకల్లో పుట్టినట్టు మనిషి మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా? 2018లోనే రెండు బృందాలు దీనిమీద ఎదురుబొదురుగా నిలబడ్డాయి. పెద్దవాళ్ల హిప్పోక్యాంపస్‌లో అవి దొరకలేదని ఒకటి, వృద్ధాప్యం దాకా ఉంటాయని మరొకటి. కానీ ఆ తగవంతా పెద్దల గురించి. లేవన్న బృందం సైతం పసిపిల్లల్లో వాటిని చూసింది, పెరిగేకొద్దీ తగ్గిపోతాయని చెప్పింది. మన దగ్గర మెదడువాపు ఎక్కువగా పట్టేది పిల్లల్నే కదా! తగ్గిపోయే గడువున్న సంపద మీదే ఈ దెబ్బ పడుతోంది.

టీకా ఉండగా ఇదంతా ఎందుకంటారా? హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్ రకంతో జెన్‌వ్యాక్ అనే టీకా తయారుచేసి 2013లో విడుదల చేసింది. అది ఆపేది జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌నే. 2003 జూన్, ఆగస్టు నెలల మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకి 183 మంది చనిపోతే, పుణె శాస్త్రవేత్తలు కారణంగా గుర్తించింది చండీపుర వైరస్‌ను. దానికి ఇప్పటికీ టీకా లేదు. అలాంటి జ్వరం నుంచి బతికి బయటపడిన పిల్లవాడికి ఆరు నెలలకోసారి జ్ఞాపకశక్తి, భాష, లెక్కల పరీక్షలు పెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డిశ్చార్జి కాగితం మీద తర్వాతి తేదీ రాసే చోటు ఉంటే చాలు.