నొక్కితే గుంట పడుతోందా?

పాదాలు వాచి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుంటూనే అంటారు: "కాళ్లకు నీరు పట్టిందండీ, నీరు పోయే మాత్ర రాయండి." నేను ముందు చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి ఉంచుతాను. వేలు తీశాక గుంట మిగిలితే నీరు నిలిచినట్టే. ఎందుకు నిలిచిందో తేలకుండా మాత్ర రాయడానికి నాకు చెయ్యి రాదు.

అసలు నీరు బయటికి ఊరడం జబ్బు కాదు. సన్నని కేశనాళికల గోడల్లోంచి అది ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. లోపలి ఒత్తిడి దాన్ని బయటికి నెడుతుంది. రక్తంలోని ప్రోటీన్లు, ముఖ్యంగా లివర్ తయారుచేసే ఆల్బుమిన్, లోపలికి లాగి పట్టుకుంటాయి. ఈ లాగుడు సంగతిని 1896లో ఇంగ్లండ్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ కుక్కల కాళ్ల మీద ప్రయోగాలు చేసి బయటపెట్టాడు. ఊరిన నీటిలో చాలా భాగం నాళిక చివర్లో మళ్లీ రక్తంలోకే పోతుందని మాకు కాలేజీలో చెప్పారు. 2010లో లెవిక్, మిషెల్ ఆ లెక్కను సరిదిద్దారు: చాలాచోట్ల అలా నిలకడగా వెనక్కి పోదు, లింఫ్ నాళాలే మోసుకెళ్లి రక్తంలో కలుపుతాయి. గోదావరి జిల్లాల్లో బోదకాలు చూసినవాళ్లకు ఆ నాళాల విలువ వేరే చెప్పక్కర్లేదు. బోదకాలు తెచ్చే పురుగులు వాటిని పాడుచేస్తే నీటికి దారి ఉండదు. ఏళ్లు గడిచి చర్మం గట్టిపడ్డాక ఎంత నొక్కినా గుంట కూడా పడదు.

అందుకే వాపు ఎక్కడ, ఏ వేళప్పుడు అని అడుగుతాను. పొద్దున్నే పిల్లాడి కళ్ల చుట్టూ ఉబ్బితే మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూడాలి. సాయంత్రానికి పాదాలు బరువెక్కితే గుండె సంగతి, రోజంతా నిలబడి చేసే పని సంగతి కనుక్కోవాలి. బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారన్నది మాత్రం తప్పకుండా అడుగుతాను. ఆ మాత్రల్లో ఒకటైన ఆమ్లోడిపిన్ చిన్న ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చెయ్యదు. దాంతో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి కొందరికి చీలమండలు వాస్తాయి. ఒంట్లో ఉప్పూ నీరూ ఎక్కువై వచ్చిన వాపు కాదిది, నీటి మాత్రకు సరిగా లొంగదు. అయినా ఆ మాత్ర తోడవుతుంది, దానివల్ల సోడియం పడిపోయి కళ్లు తిరిగే పెద్దవాళ్లూ ఉంటారు. ఆమ్లోడిపిన్ మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేస్తే ఈ వాపు చాలామందిలో దిగిపోతుంది.

అయితే బీపీ మాత్రను మీ అంతట మీరు మానెయ్యకండి. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.