నడకలో పుట్టు నమ్మకము

అనంతపురము పీఠభూమి మీద జ్యేష్ఠము గడచి ఆషాఢము ప్రవేశించు వేళ ఆకాశము వంక చూడని మనుష్యుడు ఉండడు. నైరృతి మేఘములు తెచ్చిన నీటిని పడమటి కనుమలు తమ ఆవలి వైపుననే చాలవరకు దించుకొనగా, తూర్పు సముద్రపు వాయుగుండములు ఇంత దూరము చేరులోపల బలము తగ్గిపోగా, రెండు ఋతుపవనములకును ఎడముగా నిలిచిన ఈ యెఱ్ఱనేలకు ఏటా సగటున దక్కునది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియైనను వేళకు వచ్చునని లేదు. విత్తుటకు పిలిచి, పూతకు ముఖము చాటుచేసి, కాయ పెరికి కుప్ప వేసిననాడు కురిసి కుళ్లబెట్టిన యేండ్లు ప్రతి రైతుకును జ్ఞాపకమున్నవి. ఇట్టి నేలపై దేవుని నమ్ముట యెట్లు అను ప్రశ్న పండితగోష్ఠులలో పుట్టినది కాదు. ఎండిన బోరు దగ్గర, తీరని అప్పుపత్రము మీద, ఏటేట అది క్రొత్తగా పుట్టుచున్నది.

యేసును నమ్మి ఆయనను వెంబడించుట యను సాధనను గూర్చి ఈ వారము నా మనస్సులోని మాట వ్రాయదలచితిని. సాధన యనుట బుద్ధిపూర్వకముగనే. మొదట నమ్మకము సంపూర్ణముగ కలుగవలెననియు, కలిగిన పిమ్మట ఆయన వెంట నడువవచ్చుననియు మనలో పలువురు తలతురు. సువార్తలను మరల మరల చదివిన కొలదియు, ఈ కరువుసీమ సంఘములలోని వృద్ధులను చూచిన కొలదియు, క్రమము దీనికి విపర్యయమని నాకు దృఢపడినది: నడచుచుండగా నమ్మకము కలుగును, నడక నిలిచినచోట అది క్షీణించును.

గలిలయ సరస్సు తీరమున యేసు జాలరులను పిలిచినప్పుడు, తాను ఎవరో వారు నిర్ణయించుకొనువరకు ఆగలేదు. తన వెంట రమ్మనెను, వారు వచ్చిరి. రాత్రియంతయు వల వేసి ఒక్క చేపయైనను పడక, తెల్లవారి వలలు కడుగుకొనుచున్న పేతురును, పడవను తిరిగి లోతునకు నడిపి వల వేయుమని ఆయన అడిగిన ఘట్టము లూకా సువార్త అయిదవ అధ్యాయములో ఉన్నది. చేపల సంగతి తెలిసినవాడు పేతురు. అడుగుచున్నవాడు నజరేతు వడ్రంగి. తన వృత్తిజ్ఞానము వలదనుచుండగా, అలసిన దేహము వలదనుచుండగా, ఆ మాటను త్రోసివేయలేక అతడు పడవను మరల నడిపెను. ఆనాటి పేతురు విశ్వాసమెంత యని అడిగినచో, ఒక్కసారి వల వేయుటకు చాలినంత యని మాత్రమే చెప్పవలెను. పిదప అతడు అలల మీద కొన్ని యడుగులు నడచి మునుగబోయెను. ఫిలిప్పు కైసరయ ప్రాంతమున యేసే క్రీస్తని ఒప్పుకొనెను. ఒప్పుకొన్న నోటితోనే, యాజకుని ముంగిట చలిమంట దగ్గర, ఆయననెరుగనని ముమ్మారు బొంకెను. పునరుత్థానుడైన ప్రభువు మరల ఆ సరస్సు ఒడ్డుననే అతనిని కలిసికొని, ప్రేమించుచున్నావా యని ముమ్మారు అడిగి, చివరకు చెప్పినది వెంబడింపుమన్న మాటయే. మొదటి పిలుపును చివరి పిలుపును ఒక్కటే. వానికి నడుమ ఓడిపోయిన శిష్యుడు ఆ ఓటమిచేత త్రోసివేయబడలేదు. నేర్చుకొనుటకు పూనుకొన్నవారికి ఇంతకంటె ధైర్యము చెప్పు చరిత్ర నాకు తెలియదు.

హిట్లరు పాలన నెదిరించి 1945 ఏప్రిల్‌లో ఉరితీయబడిన జర్మను బోధకుడు డీట్రిక్ బోన్‌హోఫర్, 1937లో ప్రకటించిన తన గ్రంథములో, విశ్వాసమును విధేయతను విడదీయరాదనియు, నమ్మలేకున్నానని మొరపెట్టువానిని ముందు ఏ ఆజ్ఞను దాటుచున్నావో చూచుకొమ్మని అడుగవలెననియు వాదించెను. సుఖముగ కూర్చుండి వ్రాసిన వాదమైనచో దానిని ప్రక్కన పెట్టవచ్చును. అతడు దానికి తన ప్రాణమును మూల్యముగ చెల్లించినాడు.

నమ్మకమునకును లాభమునకును గల సంబంధమును మన తెలుగునేల ఒకనాడు కఠినముగ పరీక్షించినది. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిని, విశేషించి బళ్లారి, కర్నూలు, కడప సీమలను పీల్చి పిప్పిచేసిన ధాత కరువులో, ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. పలుగు, పార చేతబట్టి వచ్చిన వేలమందికి సంఘములోని తెలుగు బోధకులు సువార్త చెప్పుచుండిరి. బాప్తిస్మమిమ్మని అడుగువారు అసంఖ్యాకులైరి. కాని తిండి కొరకు మతము మారినవారన్న నింద వారిపై పడరాదనియు, కూలి ఇచ్చు చేతికి వెఱచి యెవడును తన ఆత్మను అప్పగింపరాదనియు, క్లౌ ఏడాదికి పైగా బాప్తిస్మములను నిలిపివేసెను. కరువు పనులు ముగిసి, పంచుటకు ధనము లేదని తేటపడిన తరువాత కూడ ఆ జనులు వెనుదిరుగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు తెలుగు బోధకులే. సంఖ్యను చూచి ఆశ్చర్యపడువారు అనేకులు. నాకు మాత్రము ఆ నిరీక్షణయే గొప్పగ తోచును. ఇచ్చుటకు చేత ఏమియు లేనప్పుడు కూడ వత్తురా యని అడుగుటలో ఆ పేదలయెడ ఎంత గౌరవము ఉన్నదో, వచ్చి నిలిచిన వారి జవాబులో అంత పౌరుషమును ఉన్నది. అంటరానివారని ఊరు వెలుపల నుంచబడిన మాదిగ కుటుంబములవారే వారిలో అధికులు. తమ తలను ఎవరి యెదుట వంచవలెనో తామే నిర్ణయించుకొన్న దినమది.

మా జిల్లాకు సువార్త బళ్లారి మీదుగ వచ్చినది. లండన్ మిషనరీ సొసైటీవారైన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారి చేరెను. 1822లో కడపలో పని ఆరంభమైనది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములలో గుత్తియు, పిదప అనంతపురమును మిషను కేంద్రములైనవి. ఆ పరంపరలో పుట్టిన సంఘములు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో చేరినవి. వానిలో తరతరములుగ అధికభాగము పొలము లేని కూలీలు. పంట చేతికి రాని యేట రైతు నష్టపోవును; కూలికి పనియే లేకపోవును. అట్టివారి నడుమ, నమ్మినచో వాన కురియును, నమ్మినచో అప్పు తీరునని చెప్పు బోధ ఒక్క కరువు దాటి బ్రతుకజాలదు. బ్రతికిన విశ్వాసము వేరొకటి. అది చేతులతో నేర్చుకొన్నది.

మొదటి రాజుల గ్రంథము పదునేడవ అధ్యాయమును కరువుసీమవారు చదువు తీరు వేరు. వానలు నిలిచిపోగా ఏలీయా దేవుని యాజ్ఞ చొప్పున కెరీతు వాగు ఒడ్డున నివసించెను. ఆజ్ఞకు లోబడియే యున్నను ఆ వాగు ఎండిపోయెను. అక్కడనుండి సారెపతునకు పంపబడి, పొయ్యిలోనికి పుల్లలేరుకొనుచున్న విధవరాలిని చూచి, ఉన్న పట్టెడు పిండిలో ముందు తనకొక చిన్న అప్పము చేసి తెమ్మనెను. ఆమె చేసి తెచ్చెను. తొట్టిలోని పిండి తరువాతి దినములలో తరుగలేదని గ్రంథము చెప్పుచున్నది గాని, తొట్టి నిండిపొరలినదని చెప్పుట లేదు. ప్రతి ఉదయమును ఆమె మరల చేయి పెట్టి చూచుకొనవలసినదే.

తెలుగు సంఘములలో స్త్రీలు పాటించు పిడికెడు బియ్యపు కానుక ఈ విధవరాలి పాఠశాలలో నేర్చినదే యని నా విశ్వాసము. వంటకు కొలిచి తీసినప్పుడు, ఎసరులో పోయకముందే, ఒక పిడికెడు వేరొక కుండలో వేసి, ఆదివారమున దేవాలయమునకు తెత్తురు. అజరయ్య గారు బిషప్పుగ నున్న దోర్నకల్ ప్రాంతమున కూడ ఈ యలవాటు వేళ్లూనియుండెను. మా వైపు బియ్యము అరుదైన ఇండ్లలో అది పిడికెడు జొన్నలో రాగులో అగుచుండెడిది. మిగిలినది ఇచ్చుట కాదది. మిగులునో లేదో తెలియకముందే తీయుట. కల్యాణదుర్గము వైపు ఒక పల్లెలో గృహకూటము ముగిసిన పిమ్మట, వానలేని యేండ్లలో కూడ తీయుదురా యని ఒక వృద్ధురాలిని నేనడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి చెప్పిన మాట ఇది: "వాన పడిన యేడు తీసేది ఏం గొప్ప నాయనా? పడని యేడు గూడా తీస్తి. తీసినాంక సూసుకుంటే, ఆ యేడు గూడా ఆయన నన్ను ఇడిసిపెట్టలేదని తెలిసె." ఆమె ముందు తీసినది, పిదప తెలిసికొన్నది. వేదాంత గ్రంథములు దీర్ఘముగ చర్చించు విషయమును ఆమె పిడికిలి ఏనాడో తేల్చుకొన్నది.

ఈ సీమ పంట నుండియే ఒక దృష్టాంతము చెప్పెదను. వేరుశనగ పూవు నేల మీద, అందరి కన్నుల యెదుట పూయును. కాయ మాత్రము పైన కాయదు. పూవు వాడిన పిదప దాని మొదలునుండి ఊడ సాగి, క్రిందికి వంగి, మట్టిలోనికి దిగి, చీకటిలో కాయ యగును. నేల గట్టిపడినచో ఊడ దిగలేక పైననే ఎండిపోవును; అందువలననే రైతు కలుపు తీసి, గుంటక తోలి, ఆ దశకు ముందే మన్ను గుల్ల చేసి ఉంచును. ఆదివారపు ఆరాధనలో ఉప్పొంగు భక్తి పూవు వంటిది, అది వలసినదే. దినదినము చేయు చిన్న విధేయతలు, అనగా ప్రార్థన, క్షమాపణ, పిడికెడు దానము, కష్టములోనున్న పొరుగువాని యింటికి పోయి కూర్చుండుట, మన్నును గుల్లచేయు పనులు. వీనిని మానినవాని భక్తి ఎంత విరగబూసినను లోనికి దిగదు.

ఇంత చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక చేయకున్నచో అన్యాయము చేసినవాడనగుదును. నమ్ముట యనగా మౌనముగ భరించుట యని ఎవరును తలపరాదు. యిర్మీయా ప్రవక్త పదునాలుగవ అధ్యాయములో వర్ణించిన అనావృష్టిని చదువుడు: చెఱువులకు పోయి వట్టి కుండలతో తిరిగివచ్చు పిల్లలు, నెఱ్ఱెలు విచ్చిన నేల, తల కప్పుకొన్న సేద్యగాండ్రు, గడ్డిలేక ఈనిన పిల్లను విడిచిపోవు లేడి, అది మా ధర్మవరపు దారిలో వ్రాసినట్లుండును. ఆ ప్రవక్త దేవునితో వాదించెను. పంటయు మందయు లేకున్నను ప్రభువునందు ఆనందింతునన్న హబక్కూకు, ఆ మాట కంటె ముందు, ఎంతకాలము మొరపెట్టవలెనని నిలదీసెను. యేసు సిలువపై తండ్రిని ఎలుగెత్తి ప్రశ్నించెను. కావున అప్పులు మీదపడి కుమిలిపోవుచున్న ఇంటికి పోయి, నీ విశ్వాసము చాలలేదని చెప్పువాడు యేసు వెంట నడచుట లేదు. కుమారుని వ్యాధితో వచ్చి, తన నమ్మకములోని కొఱతను కూడ ఆయన ముందే పెట్టి సాయమడిగిన తండ్రిని మార్కు సువార్తలో ప్రభువు మందలింపలేదు. ముందు బాలుని బాగుచేసెను.

ఈ వెంబడించుట ఎంత దూరము తీసికొనిపోవునో మా జిల్లా కన్నులార చూచినది. బార్సిలోనాలో 1920లో పుట్టి, యేసుసభ సభ్యుడుగ 1952లో భారతదేశమునకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడులో రైతుల నడుమ బావులు త్రవ్వించి, 1968లో దేశము విడువవలసివచ్చిన విన్సెంట్ ఫెర్రర్, మరుసటి యేడు తిరిగివచ్చి అనంతపురములో స్థిరపడెను. పిదప యేసుసభను విడిచెను, ఆన్ పెరీని వివాహమాడెను. ఐనను పేదలను విడువలేదు. ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ కట్టించిన ఇండ్లు, బడులు, బత్తలపల్లి, కల్యాణదుర్గము, కణేకల్లులలోని ఆసుపత్రులు అందరికిని తెలిసినవే. 2009 జూన్ 19న మరణించిన ఆయన బత్తలపల్లిలోనే ఈ మట్టిలో కలిసెను. ఆయన మతప్రచారమును తన పనిగ పెట్టుకొనలేదు; సేవ పొందినవారి మతమును అడుగలేదు. నలువది యేండ్లు ఒకే కరువునేలను అంటిపెట్టుకొనియుండుట నాకు బోధలన్నిటికంటె స్పష్టముగ శిష్యత్వమును వివరించినది.

నేర్చుకొనదలచినవారికి నేను చెప్పగలది కొంచెమే. మార్కు సువార్తలో 16 అధ్యాయములు కలవు. దినమునకొక ఘట్టము చదివి, అందు యేసు ఏమి చేసెనో చూచి, అందులో నీకు సంబంధించిన దొక్కటి ఆనాడే చేయుము. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఒక్క దినపు ఆహారమునే అడుగవలెనని యున్నది గనుక, రేపటిని నేడే చక్కబెట్టుకొనవలెనన్న ఆత్రమును ఆ ఒక్క దినపు మేరకు కుదించుకొనుము. ఒంటరిగ నడువకుము, గృహకూటములో పాడువారి ప్రక్కన కూర్చుండుము, నీ కంఠము పెగలని వారమున వారి పాట నిన్ను మోయును. సందేహమును దాచకుము, దానిని ప్రార్థనలోనికి తెమ్ము. నమ్మకము చాలినంత కలిగిన పిమ్మట బయలుదేరుదునని కూర్చున్నవాడు ఎన్నటికిని లేవడు. క్షమింపవలసిన అన్నయో, తీర్పవలసిన చిన్న బాకీయో, పలుకరింపవలసిన విధవరాలో ఈ సాయంకాలమే నీ ముందర ఉండును. ఆ పని చేసి వచ్చి, దేవుడు నమ్మదగినవాడా యని అప్పుడు అడుగుము. అడుగువాడవు నీవే ఐనను, అప్పటికి కొంత దూరము ఆయనతో నడచియుందువు. ఆ దూరమే జవాబునకు ఆరంభము.