ఒత్తు ఇక్కడ, బరువు అక్కడ: కదిలే తెలుగు అక్షరం గురించి

పరకాల దాటి భూపాలపల్లి వైపు పోతుంటే రేగొండ వస్తుంది. ఆ ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి డిజైన్ చదువుతున్న అమ్మాయి ఒకరు ఉన్నారనుకుందాం. మోషన్ గ్రాఫిక్స్ క్లాసులో ఆమెకి ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు: మీ ఊరి పేరుని కదిలించి చూపించు. బొమ్మలు వద్దు, మనుషులు వద్దు, అక్షరాలే నటించాలి. కైనెటిక్ టైపోగ్రఫీ అంటే స్థూలంగా ఇదే. ఆమె ముందు ఏయే దారులున్నాయో, ఏ దారి ఎక్కడ తెగిపోతుందో చూస్తే, ఈ కళ తెలుగులో ఎందుకు ఇంకా తడబడుతోందో అర్థమవుతుంది.

క్లాసులో చూపించే పాఠాలు ఎక్కువగా బయటివే. 1959లో హిచ్‌కాక్ తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' టైటిల్స్‌లో సాల్ బాస్ పేర్లని లిఫ్టులా పైకీ కిందకీ నడిపించాడు. తెర మీది గీతలు కాసేపటికి ఒక పెద్ద భవనం అద్దాల గోడగా మారతాయి. 1967లో వచ్చిన బాబ్ డిలన్ డాక్యుమెంటరీలో పాట నడుస్తుంటే ఆయన మాటలు రాసిన అట్టలు ఒక్కొక్కటే చూపించి కింద పడేస్తుంటాడు. ఇప్పటి లిరికల్ వీడియోలకి అది తాతలాంటిది. రెండూ గొప్ప పాఠాలే. అయితే వాళ్లకున్న ఒక సౌకర్యం మనకి లేదు. ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన విడివిడిగా నిలబడతాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే రెండోది చెదరదు. తెలుగు అక్షరం అలా కాదు. దాని నెత్తిన గుడి ఉంటుంది, పక్కన కొమ్ము ఉంటుంది, కాళ్ల దగ్గర ఒత్తు ఉంటుంది. ఒకటి కదిలిస్తే ఇల్లంతా కదులుతుంది.

మొదటి దారి టైప్‌రైటర్ ఎఫెక్ట్. అందరూ మొదట నొక్కే బటన్ ఇదే. ఇంగ్లీషు మాట ఒక్కో అక్షరంగా పుట్టుకొస్తే ముచ్చటగా ఉంటుంది. అదే ఎఫెక్ట్ 'స్త్రీ' మీద వేయండి. మనకి అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఎఫెక్ట్ ఆ కోడ్ వరసలో నడిస్తే తెర మీద స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని ఆరు రూపాలు మెరుస్తాయి. మొదటి ఐదూ మనం పలకాలనుకోనివే. మాట పుడుతున్నట్టు ఉండదు, నత్తిగా ఉంటుంది. ఇక అను ఫాంట్లతో చేస్తే ఇంకో కష్టం. డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్సీల దగ్గర ఇప్పటికీ అవి బాగా నడుస్తున్నాయి. వాటిలో తలకట్టూ, ఒత్తూ విడి ముక్కలుగా ఉంటాయి. అక్షరాలని ఎగరేయమంటే తలకట్లు ఒక దిక్కుకి, ఒత్తులు ఇంకో దిక్కుకి పోతాయి. యూనికోడ్ వాడినా, సాఫ్ట్‌వేర్‌లో మన లిపులకి తగిన సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తులు కిందకి చేరకుండా పొల్లులతో తెగి పడుంటాయి.

రెండో దారి రాత. కనిపించని చెయ్యి ఏదో అక్షరాన్ని దిద్దుతున్నట్టు గీత సాగడం. చూడ్డానికి బాగుంటుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులూ వస్తాయి. కానీ ఒకసారి నెమ్మదిగా నడిపి చూడండి. ఫాంట్ నుంచి తీసిన గీత అక్షరం అంచు వెంట తిరుగుతుంది, జాకెట్టుకి పైపింగ్ కుట్టినట్టు. పలక మీద దిద్దిన వేలు ఆ దారిలో ఎప్పుడూ పోలేదు. చెయ్యి నడిచిన దారి అక్షరం నడుమ ఉంటుంది, దాన్ని డిజైనర్ విడిగా గీసుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లు తక్కువ. చాలామంది బాపు రాతని పోలిన ఫాంట్ పెట్టేసి గట్టెక్కుతారు. బాపు రాత కాగితం మీద కూర్చునే నడుస్తుంది కాబట్టి, మనం నడిపించామన్న భ్రమ కలుగుతుంది.

మూడో దారి భద్రమైనది. లైను మొత్తాన్ని ఒకేసారి తేవడం, ఒకేసారి మాయం చేయడం. ఒత్తు చెదరదు, గుడి జారదు. కానీ అది కదలిక కాదు, స్లైడు మార్చడం.

నాలుగో దారే ఎక్కువమంది పట్టింది. తెలుగు పాటని రోమన్ అక్షరాల్లో రాసేయడం. యూట్యూబ్‌లో వచ్చే సినిమా లిరికల్ వీడియోలు చాలావాటిలో జరుగుతున్నది ఇదే. దీనికి కారణాలు లేకపోలేదు. పాట బెంగళూరులోనూ, డల్లాస్‌లోనూ నడవాలి. తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలు ఇప్పుడు హైదరాబాద్‌లోనే బోలెడంతమంది. రోమన్‌లో అయితే ఏ ఎఫెక్ట్ వేసినా విరగదు. ఇవన్నీ నిజమే. కానీ ఇంకో ప్రేక్షకురాలు కూడా ఉంది. బస్సు బోర్డూ, పెండ్లిపత్రికా, రేషన్ షాపు నోటీసూ తెలుగులో కూడబలుక్కుని చదవగలిగి, ఇంగ్లీషు చదవలేని ఆమె. ఫోన్ ఆమె చేతిలోనూ ఉంది, పాట ఆమె కూడా వింటుంది. ఆ పాట ఆమెదే, తెర మీది అక్షరాలు మాత్రం ఆమెవి కావు.

ఇదేదో భాషాభిమానం మాట అనిపిస్తే ఒక ప్రయోగం గుర్తు చేసుకోవాలి. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో ఒక చిన్న ఆలోచన మొదలుపెట్టాడు. టీవీలో వచ్చే సినిమా పాట కింద అదే భాషలో, అదే లిపిలో మాటలు వేయాలి. గొంతు ఏ మాట మీదుంటే ఆ మాట రంగు మారాలి. 1999లో దూరదర్శన్ గుజరాతీ పాటల కార్యక్రమంలో దాన్ని అమలు చేశారు. అరకొరగా చదువు వచ్చినవాళ్లు పాట కోసం చూస్తూ చూస్తూ చదవడం మెరుగుపరుచుకున్నారని ఆ తర్వాతి పరిశీలనల్లో తేలింది. రంగు మారడం మోషన్ గ్రాఫిక్స్‌లో అన్నిటికంటే పేద ఎఫెక్ట్. అది చేసిన పని మాత్రం చిన్నది కాదు. లిరికల్ వీడియో అచ్చంగా ఆ పని చేయడానికే పుట్టినట్టుంటుంది. మనం దాన్ని రోమన్‌లో పెట్టి ఆ అవకాశాన్ని వదిలేసుకుంటున్నాం.

అయితే తెలుగు లిపి పెట్టగానే సరిపోదు. అక్షరం ఎప్పుడు కదలాలి, ఎంతసేపు కదలాలి అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు సాఫ్ట్‌వేర్ హెల్ప్ పేజీలో లేదు, మనం తొమ్మిదో తరగతిలో తిట్టుకుంటూ నేర్చుకున్న ఛందస్సులో ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. రేగొండ అనండి. రే గురువు, గొం గురువు, డ లఘువు. త గణం, మొత్తం ఐదు మాత్రలు. కంప్యూటర్ లెక్కలో ఇది ఆరు ముక్కలు, నోటి లెక్కలో మూడు అక్షరాలు. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో మాత్రకి ఐదు ఫ్రేములు ఇస్తే, రే పది ఫ్రేములు, గొం పది, డ ఐదు. సరిగ్గా ఒక సెకను. ఆ అమ్మాయి అసైన్‌మెంట్‌కి టైమ్‌లైన్ ఊరి పేరులోనే ఉంది.

ఇంకొంచెం ముందుకి పోదాం. భూపాలపల్లి తీసుకోండి. చివర ల కింద ఒత్తు ఉంది. డిజైనర్లు చాలామంది ఆ ఒత్తుని దబ్బుమని కింద పడేస్తారు, ల వణుకుతుంది. కంటికి అదే సబబనిపిస్తుంది. చెవికి కాదు. ద్విత్వానికి ముందున్న అక్షరం గురువవుతుందని కదా సూత్రం. ఒత్తు ల కింద ఉంది, బరువు ప మీద పడింది. 'అమ్మ'లో కూడా అంతే. ఒత్తు మ కింద, బరువు అ మీద. లిపి ఒక చోట చూపిస్తుంది, నోరు ఇంకో చోట ఆగుతుంది. కాగితం మీద ఈ తేడా కనపడదు, ఎందుకంటే కాగితానికి కాలం లేదు. వీడియోకి ఉంది. మ్మ వచ్చేలోపు అ కొద్దిగా వెడల్పై, బరువెక్కి, ఒక్క క్షణం ఆగితే, తెలుగు మాట పలికే తీరు మొదటిసారి కంటికి కనిపిస్తుంది. ఇంగ్లీషు పాఠాలు చెప్పలేని విషయం ఇదొక్కటే అయినా చాలు, ఈ కళ మనకి సొంతంగా అవసరం అనడానికి.

పనిముట్లు లేవని ఇప్పుడు అనలేం. సిలికానాంధ్ర విడుదల చేసిన మల్లన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. 2022లో ఏక్ టైప్ వాళ్ల 'అనేక్ తెలుగు' వచ్చింది. అది వేరియబుల్ ఫాంట్. అంటే ఒకే ఫాంట్‌లో అక్షరం మందం, వెడల్పు రెండూ మెట్లు లేకుండా మార్చుకుంటూ పోవచ్చు. అక్షరాన్ని రబ్బరులా సాగదీస్తే గీతలు వికారమవుతాయి. ఇందులో అక్షరం తన ఒళ్లు తనే విరుచుకుంటుంది. గురువుని గురువులా చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

మాట నడిపిస్తే బొమ్మ కదలడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. జనగామ పక్కన చేర్యాలలో నకాషీలు వేసే పటాలున్నాయి. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు ఆ పటాన్ని గడి తర్వాత గడి చూపిస్తూ కథ నడుపుతారు. పటం తనంతట తాను కదలదు. కథకుడు ఆగితే ఆగుతుంది. ఈ పటాలనే ఇప్పుడు స్టూడెంట్ ప్రాజెక్టుల్లో తెగ చూస్తున్నాం, కానీ వెనకాల అతికించిన ఎర్ర రంగు బ్యాక్‌గ్రౌండ్‌గా. అట్లాగే రేగొండ ప్రాజెక్టు అనగానే పాండవుల గుట్ట రాతి చిత్రాల్లోని జింకలూ అడవిదున్నలూ వాల్‌పేపర్ అయిపోయే ప్రమాదం ఉంది. కాకతీయ తోరణం ఒక మూల పెడితే వీడియో తెలంగాణది అయిపోదు. పటం నుంచి తీసుకోవాల్సింది దాని రంగు కాదు, దాని ఆగడం.

ఇక్కడ ఒక పేచీ ఉంది, దాటేయకూడదు. పాట ఛందస్సుని బట్టే పోదు. గాయకుడు లఘువుని నాలుగు సెకన్లు లాగుతాడు. మామూలు మాట కూడా అంతే. బస్సు దగ్గర కండక్టర్ 'రేగొండా, రేగొండా' అని పిలిచినప్పుడు చివరి డ దీర్ఘమై కూర్చుంటుంది. అదే పేరు ఆధార్ సెంటర్‌లో అడ్రసు చెప్పేటప్పుడు పొట్టిగా, పొడిగా తెగుతుంది. కాబట్టి మాత్రల లెక్క శాసనం కాదు, కొలతబద్ద. ముందు కొలత తెలిస్తేనే ఎక్కడ సాగిందో, ఎక్కడ తెగిందో చూపించగలం. కండక్టర్ పిలుపుకి ఒక వీడియో, ఆధార్ సెంటర్ జవాబుకి ఇంకో వీడియో, ఒకే ఫాంట్‌తో, ఒకే రంగుతో చేయగలిగితే ఆ అమ్మాయికి ఈ పని వచ్చినట్టే.

మరి మనం చూసేవాళ్లం ఎలా బేరీజు వేయాలి? ఈసారి లిరికల్ వీడియో ఏదైనా ఎదురైతే సౌండ్ తీసేసి చూడండి. మెరుపులూ, పొగలూ, తిరిగే కెమెరా అన్నీ ఉంటాయి. వాటిని పక్కన పెట్టి ఒక్కటే గమనించండి: మాట ఎక్కడ ఒత్తి పలికారో, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్షరాలని బట్టి తెలుస్తోందా? తెలియకపోతే అక్కడ అక్షరాలు కదులుతున్నాయంతే, పలకడం లేదు. ఇంట్లో తెలుగు మాత్రమే చదివే మనిషి ఉంటే ఆ ఫోన్ ఆమె చేతికిచ్చి చదవమనండి. ఆమె పెదాలు వీడియోతో పాటు కదిలాయా లేదా అన్నది మనం రాసే ఏ రివ్యూ కంటే నమ్మదగ్గది.